మూడు ఎర్ర గీతలు: మన డొమైన్ నిజంగా బ్లాక్‌లిస్టులో ఉందా?

హోస్ట్: నమస్తే. ఈసారి నా సొంత గోడుతోనే మొదలుపెడతాను. పోయిన నెల మా సైట్ నుంచి వెళ్ళే మెయిల్స్ వెనక్కి తిరిగి రావడం మొదలైంది. టెన్షన్‌లో ఎక్కడో దొరికిన స్క్రిప్ట్ ఒకటి దింపుకుని, మా డొమైన్, అంటే మా సైట్ పేరు, ఏయే స్పామ్ బ్లాక్‌లిస్టుల్లో ఉందో చూశాను. మూడు చోట్ల ఎర్రగా వచ్చింది. ఇక ఆ రాత్రి నిద్ర లేదు.

అతిథి: వెనక్కి వచ్చిన మెయిల్ చదివారా?

హోస్ట్: లేదండీ. ఏదో ఎర్రర్ అనుకుని డిలీట్ చేసేశాను.

అతిథి: డాక్టర్ రాసిచ్చిన చీటీ చింపేసి, ఉన్న పరీక్షలన్నీ చేయించుకున్నట్టుంది. అలా తిరిగొచ్చిన బౌన్స్ మెయిల్‌లో 550 లాంటి నంబరుతో మొదలయ్యే వాక్యం ఒకటి ఉంటుంది. ఏ లిస్టు చూసి ఆపారో చాలాసార్లు అందులోనే పేరు పెట్టి చెప్తారు, లింకు కూడా ఇస్తారు. నేనైతే ముందు చూసేది అదే.

హోస్ట్: సరే, తప్పు నాదే. అసలు ఈ లిస్టులు పనిచేసేదెలా?

అతిథి: పాత ఉపాయమే. 1997లో పాల్ విక్సీ అనే ఇంటర్నెట్ ఇంజినీరు మొదలుపెట్టారు. స్పామ్ పంపే ఐపీల, అంటే సర్వర్ల నంబరు చిరునామాల, పట్టికను డీఎన్ఎస్‌లో పెట్టారు. సైట్ పేరు అడిగితే నంబరు చెప్పే ఇంటర్నెట్ డైరెక్టరీ అది. మెయిల్ అందుకునే సర్వర్ పంపినవాడి ఐపీలోని నంబర్ల వరసను వెనక నుంచి ముందుకు తిప్పి, చివర లిస్టు పేరు తగిలించి అడుగుతుంది. జవాబు లేకపోతే లిస్టులో లేనట్టు. 127.0తో మొదలయ్యే నంబరు వస్తే ఉన్నట్టు. అంతే, ఇందులో మాయేమీ లేదు. డొమైన్ లిస్టులు ఆ తర్వాత వచ్చాయి. ఎస్‌యూఆర్‌బీఎల్, యూఆర్ఐబీఎల్, స్పామ్‌హౌస్ అనే సంస్థ వాళ్ళ డీబీఎల్ లాంటివి. వాటిని ఐపీతో కాదు, డొమైన్ పేరుతో అడగాలి.

హోస్ట్: ఐపీకి ఒక లిస్టు, పేరుకు ఇంకొకటి ఎందుకు?

అతిథి: ఐపీ మార్చుకోవడం తేలిక కాబట్టి. స్పామ్ పంపేవాడు ఇవాళ ఒక సర్వర్, రేపు ఇంకొకటి వాడతాడు. కానీ మెయిల్ లోపల నొక్కమని పెట్టిన లింకు మాత్రం వాడి సైట్‌కే వెళ్ళాలి కదా? డొమైన్ లిస్టులు పట్టుకునేది ఆ లింకునే. అందుకే మీరు ఒక్క మెయిల్ కూడా పంపకుండానే మీ డొమైన్ లిస్టుకెక్కొచ్చు.

హోస్ట్: సరిగ్గా మాకదే అయింది. ముందు ఆ మూడు ఎర్ర గీతల సంగతి చెప్పండి.

అతిథి: ఒకటి ఎప్పుడో మూతపడిన లిస్టు. ఇలాంటివి స్క్రిప్టుల్లో ఏళ్ళ తరబడి మిగిలిపోతాయి. సోర్బ్స్ అనే లిస్టు 2024లో ఆగిపోయింది, అయినా దాని పేరు ఇంకా ఎన్ని సర్వర్ల సెట్టింగ్స్‌లో ఉందో! చచ్చిన లిస్టు కొన్నిసార్లు ఏ పేరు అడిగినా 'ఉంది' అనేస్తుంది. దీనికో పరీక్ష ఉంది. ఐపీ లిస్టును 127.0.0.1 గురించి అడగండి. బాగున్న లిస్టులో అది ఉండకూడదు. 127.0.0.2 మాత్రం పరీక్ష కోసమే ఉంటుంది, అది తప్పక ఉండాలి. 2010లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 5782 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంలోని నియమం అది.

హోస్ట్: రెండోది?

అతిథి: అది మీ డొమైన్ గురించి కాదు. మీ హోస్టింగ్ కంపెనీ నెట్‌వర్క్ మొత్తాన్ని ఎక్కించిన లిస్టు. పక్కింటివాడి గొడవకి వీధంతా మూసేసినట్టు. పైగా డబ్బు కడితే త్వరగా తీసేస్తామంటారు. అలాంటి లిస్టుకు నేను పైసా కట్టను. పెద్ద మెయిల్ సేవలు దాని మాట విని మెయిల్ ఆపడం నేనైతే చూడలేదు.

హోస్ట్: మూడోది స్పామ్‌హౌస్. నిద్ర చెడగొట్టింది అదే.

అతిథి: అందులో వచ్చిన నంబరు గుర్తుందా?

హోస్ట్: 127.255.255.254.

అతిథి: చూశారా! అది 'ఉంది' అనే జవాబు కాదు. మీరు అందరూ వాడే పబ్లిక్ డీఎన్ఎస్ ద్వారా అడుగుతున్నారు, అలా అడిగితే చెప్పం అని దాని అర్థం. స్క్రిప్ట్ రాసినవాడు నంబరు చదవకుండా, ఏ జవాబు వచ్చినా ఎర్రగా చూపించాడు. ఈ ఒక్క పొరపాటు వల్ల ఎంతమంది కంగారుపడి ఉంటారో.

హోస్ట్: ఇందులో ఓ విచిత్రం ఉంది. ఆ తర్వాత మా సర్వర్ సొంత రిజాల్వర్, అంటే డీఎన్ఎస్‌ని అడిగి జవాబు తెచ్చే ప్రోగ్రాం, నుంచే డీబీఎల్‌ని అడిగాను. ఈసారి 127.0.1.102 వచ్చింది. అంటే స్క్రిప్ట్ తప్పు కారణంతో నిజం చెప్పిందన్నమాట.

అతిథి: ఆ నంబరులోనే మీ కథంతా ఉంది. చివర 2 వస్తే ఇది స్పామ్ డొమైన్, దొంగ ఇల్లు అని. 102 వస్తే ఇల్లు మంచిదే, దొంగ చొరబడ్డాడు అని. 4 ఫిషింగ్‌కి, అంటే పాస్‌వర్డులు కాజేసే దొంగ పేజీలకి, 5 మాల్‌వేర్‌కి, అంటే హాని చేసే ప్రోగ్రాంలకి. ఆ నంబరుకి వంద కలిస్తే అదే పని, కానీ హ్యాకయిన సైట్‌లో.

హోస్ట్: వెతికితే అప్‌లోడ్స్ ఫోల్డర్‌లో మేం పెట్టని పేజీలు వందల కొద్దీ కనిపించాయి. ఎవరో వేరే సర్వర్ల నుంచి స్పామ్ పంపుతూ, లింకులు మాత్రం మా సైట్‌వి ఇస్తున్నారు. మా బిల్లు మెయిల్స్‌లో కూడా మా సైట్ లింకే ఉంటుంది కాబట్టి అవీ ఆగిపోయాయి.

అతిథి: అవన్నీ తీసేశాక తొలగింపు కోరారా, ముందేనా?

హోస్ట్: ముందే కోరాను. తీసేశారు. నాలుగు రోజుల్లో మళ్ళీ ఎక్కింది. (నవ్వు)

అతిథి: స్పామ్‌హౌస్ తొలగింపుకు డబ్బు అడగదు. అలాగని మళ్ళీ మళ్ళీ వచ్చేవాళ్ళ మాట ఎవరూ నమ్మరు.

హోస్ట్: లిస్టులన్నీ శుభ్రంగా ఉన్నా మెయిల్ స్పామ్ ఫోల్డర్‌లోకే పోతే?

అతిథి: ఆ లెక్క వేరు. జీమెయిల్ సొంతంగా మీ పేరు ప్రతిష్ఠ లెక్కగడుతుంది. అది ఏ చెకర్‌లోనూ కనపడదు, ఒకప్పుడు గూగుల్ పోస్ట్‌మాస్టర్ టూల్స్‌లో కనిపించేది. మెయిల్ నిజంగా మీదేనని రుజువు చేసే ఎస్‌పీఎఫ్, డీకేఐఎం, డీమార్క్ సెట్టింగ్స్ సరిగ్గా పెట్టాలి. పెద్ద ఎత్తున పంపేవాళ్ళయితే స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదు. 2024 నుంచి అది గట్టి నియమం.

హోస్ట్: ఆగండి, ఇప్పుడే మళ్ళీ అడిగి చూస్తున్నా... జవాబు లేదు. లిస్టులో లేనట్టే!

అతిథి: మంచిది. ఆ పేజీలు లోపలికి ఏ దారిన వచ్చాయో తేలిందా?

హోస్ట్: ఏదో పాత ప్లగిన్ అనుకుంటున్నాం.

అతిథి: అనుకుంటున్నారా, పట్టుకున్నారా?

హోస్ట్: ... రికార్డింగ్ అయ్యాక లాగ్స్ తెరుద్దాం, కాసేపు ఉంటారా?