జవాబు రాని ఉత్తరాలు: సిడ్నీ, 1790

[తెరపై: పాత కాగితం, పైన తేదీ]

నమస్తే. ఈ తేదీ చూడండి. 1790 ఫిబ్రవరి 13. ఉత్తరం రాసింది ఆస్ట్రేలియాలో బ్రిటన్ ఖైదీల్ని పంపి మొదలుపెట్టిన వలస న్యూ సౌత్ వేల్స్‌కి మొదటి గవర్నర్ ఆర్థర్ ఫిలిప్. ఎవరికి? లండన్‌లో హోం సెక్రటరీ లార్డ్ సిడ్నీకి. అయితే సిడ్నీ ఆ పదవి వదిలేసి అప్పటికే ఎనిమిది నెలలు. 1789 జూన్‌లోనే ఆ కుర్చీలోకి గ్రెన్‌విల్ వచ్చేశాడు. ఆ కబురు మోసుకొచ్చే ఓడ మాత్రం ఇంకా రాలేదు.

[మ్యాప్: పోర్ట్స్‌మత్ నుంచి సిడ్నీకి ఓడల దారి]

1787 మే 13న ఇంగ్లండ్‌లో బయల్దేరిన పదకొండు ఓడలు, ఎనిమిది నెలల ప్రయాణం తర్వాత 1788 జనవరిలో ఇక్కడికి చేరాయి. ఖైదీలు, సైనికులు, పిల్లలు కలిపి వెయ్యి మందికి పైనే. దిగిన చోటికి ఫిలిప్ ఆ మంత్రి లార్డ్ సిడ్నీ పేరే పెట్టాడు.

ఉత్తరం వెళ్ళాలంటే ముందు ఇంగ్లండ్ వైపు వెళ్ళే ఓడ ఉండాలి. మే 15 నాటి మొదటి రిపోర్టులో ఫిలిప్ మురిసిపోతూ రాశాడు: ప్రపంచంలోకెల్లా గొప్ప రేవు దొరికింది, వెయ్యి యుద్ధనౌకలు నిశ్చింతగా లంగరేసుకోవచ్చు అని. రెండు నెలలకే స్వరం మారింది. కుటుంబాలతో యాభై మంది రైతుల్ని పంపండి, తిండి విషయంలో వెయ్యి మంది ఖైదీలు చేయలేనిది వాళ్ళు ఒక్క ఏడాదిలో చేస్తారు అని జులైలో రాశాడు. ఈ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. సేద్యం తెలీని వాళ్ళని పంపి పంట పండించమంటే ఎలా అని, మర్యాద తప్పకుండా పైవాళ్ళని నిలదీస్తున్నాడు.

[తెరపై: మంచుకొండ, ఓడ]

సాయం బయల్దేరకపోలేదు. గార్డియన్ అనే ఓడ నిండా సామాన్లతో వస్తూ, 1789 డిసెంబర్ 24న మంచుకొండని గుద్దుకుంది. సిడ్నీలో ఎవరికీ తెలీదు. రోజూ సముద్రం వైపు చూస్తూనే ఉన్నారు. మార్చిలో వాళ్ళ దగ్గరున్న పెద్ద ఓడ సిరియస్ కూడా నార్ఫోక్ దీవి దగ్గర రాళ్ళకి కొట్టుకొని పోయింది.

ఇక ఏప్రిల్ రేషన్ వినండి. పెద్దవాళ్ళకి వారానికి రెండున్నర పౌండ్ల పిండి, 2 పౌండ్ల బియ్యం, 2 పౌండ్ల పంది మాంసం. పౌండంటే అరకిలో కూడా కాదు. ఫిలిప్ తన సొంత పిండి దాదాపు 150 కిలోలు అందరి గిడ్డంగికీ ఇచ్చేశాడు. గవర్నర్ గారింటికి భోజనానికి వెళ్తే ఎవరి రొట్టె వాళ్ళు పట్టుకెళ్ళాల్సిందే.

జూన్ 3న లేడీ జూలియానా అనే ఓడ వచ్చింది. గార్డియన్ సంగతి, ఫ్రాన్స్‌లో విప్లవం, అన్నీ ఒక్కరోజే తెలిశాయి.

[తెరపై: మళ్ళీ ఫిబ్రవరి 13 ఉత్తరం]

కానీ ఈ ఉత్తరంలో నన్ను వదలని మాట వేరే ఉంది. 1789 ఏప్రిల్‌లో అక్కడి మూలవాసుల్లో మశూచి చెలరేగింది. ఈ ప్రాంతం వాళ్ళలో సగం మంది చనిపోయారని బెనలాంగ్ అనే మూలవాసి చెప్పాడు అని ఫిలిప్ రాశాడు. సగం మంది! పిండి లెక్కలు, ఓడల లెక్కలు రాసే చేత్తోనే ఇదీ రాశాడు.

ఈ బెనలాంగ్, 1789 నవంబర్‌లో ఫిలిప్ బలవంతంగా పట్టి తెప్పించిన మనిషి. స్థానికులతో స్నేహంగా మెలగమని ఫిలిప్‌కి లండన్ ఆదేశం. మనిషిని ఎత్తుకొచ్చి మొదలుపెట్టిన దాన్ని నేను స్నేహం అనలేను. ఇవాళ ఓపెరా హౌస్ ఉన్న చోటు పేరు బెనలాంగ్ పాయింట్. సిడ్నీలో ఉన్న మన తెలుగువాళ్ళు ఎన్నోసార్లు అక్కడ ఫొటో దిగే ఉంటారు.

1792లో ఫిలిప్‌తో ఇంగ్లండ్ వెళ్ళిన బెనలాంగ్ 1795లో తిరిగొచ్చాడు. మరుసటి ఏడాది ఆగస్టు 29న ఆయన చెప్తుంటే ఎవరో రాసిన ఉత్తరం ఇంకా మిగిలుంది. ఇంగ్లండ్‌లో జబ్బుపడ్డప్పుడు తనని చూసుకున్న ఇంటివాళ్ళకి. నేను బాగున్నాను, మీరు బాగున్నారనుకుంటున్నాను అంటాడు. జేబు రుమాళ్ళు, రెండు జతల బూట్లు పంపమని అడుగుతాడు.