ఖాళీ సీసా కూడా పంపండి

అందరికీ నమస్కారం. మెడికల్ రీసెర్చ్ మీద ఏదైనా మాట్లాడండి సార్ అని పిలిచారు, అది సముద్రమంత సబ్జెక్టు, నేను ఫోరెన్సిక్ వాణ్ణి కాబట్టి నాకు తెలిసిన సీసాల దగ్గర మొదలుపెడతాను, తర్వాత ఎటు పోతానో చూద్దాం.

ఇక్కడున్న హౌస్ సర్జన్లలో కొంతమందైనా పోస్ట్‌మార్టం తర్వాత విసెరా, అంటే లోపలి అవయవాల ముక్కలు, ప్యాక్ చేయడం చూసుంటారు. విషం అని అనుమానం ఉంటే పొట్టా, అందులో ఉన్నదీ, చిన్నపేగు ముక్కా ఒక సీసాలో, లివర్, కిడ్నీ ముక్కలు ఇంకో సీసాలో, రక్తం వేరేగా. ముక్కలున్న సీసాల్లో సాచ్యురేటెడ్ ఉప్పునీళ్ళు, అంటే ఇంక ఉప్పు వేసినా కరగనన్ని, పోసి సీలేసి ఎఫ్ఎస్ఎల్‌కి, అంటే ఫోరెన్సిక్ ల్యాబ్‌కి పంపిస్తాం. వీటితోపాటు ఇంకో చిన్న సీసా కూడా వెళ్ళాలి. అందులో మనం వాడిన ఆ ఉప్పునీళ్ళు మాత్రమే ఉంటాయి. ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకళ్ళు అడుగుతారు, ఉత్త ఉప్పునీళ్ళు పంపి ఏం లాభం సార్, అందులో ఏముంటుంది అని. ఏమీ లేదని తేలాలనే పంపేది. ఆ ఉప్పులోనో నీళ్ళలోనో సీసాలోనో ముందే ఏదైనా ఉంటే, లివర్‌లో దొరికిన విషం మనిషి తిన్నదా, మనం కలిపిందా అని రేపు డిఫెన్స్ లాయర్ అడిగితే చెప్పడానికి మన దగ్గర ఏమీ ఉండదు.

ఇదేదో రూలు కోసం పెట్టిన రూలు అనుకోవద్దు, దీని వెనకాల ఒక మనిషికి ఉరిశిక్ష పడిన కథ ఉంది.

1859, ఇంగ్లండ్. థామస్ స్మెథర్స్ట్ అని ఒక డాక్టరు. పెళ్ళయినవాడు, భార్య తనకంటే చాలా పెద్దావిడ. లాడ్జింగ్ హౌస్‌లో ఇసబెల్లా బ్యాంక్స్ అనే ఆవిడ పరిచయమైంది, మొదటి భార్య బతికుండగానే ఈవిణ్ణి కూడా చర్చిలో పెళ్ళి చేసుకుని రిచ్‌మండ్‌లో కాపురం పెట్టాడు. ఈవిడకి కాస్త ఆస్తి ఉంది. కొన్ని నెలలకే ఈవిడకి వాంతులు, విరేచనాలు, ఎంత మందిచ్చినా తగ్గవు. చూస్తున్న డాక్టర్లకి అనుమానమొచ్చి శాంపిల్ ఒకటి గైస్ హాస్పిటల్‌లో ఆల్ఫ్రెడ్ స్వేన్ టేలర్‌కి పంపారు, ఆ రోజుల్లో ఇంగ్లండ్‌లో విషాల గురించి ఏ అనుమానమొచ్చినా ఆయన దగ్గరికే వెళ్ళేవాళ్ళు. టేలర్ టెస్ట్ చేసి ఆర్సెనిక్ ఉందన్నాడు. స్మెథర్స్ట్‌ని అరెస్టు చేశారు, మే నెల మొదట్లో ఆవిడ చనిపోయింది. చనిపోయేముందు ఆస్తి ఇతని పేర విల్లు రాసింది. ఇంకేం కావాలి చెప్పండి, సీరియల్ వాళ్ళు కూడా ఇంతకంటే బాగా రాయలేరు.

ఇంట్లో దొరికిన సీసాలన్నీ టేలర్ దగ్గరికి వెళ్ళాయి. అందులో 21వ నంబరు సీసాలో ఆర్సెనిక్ ఉందని ఆయన మేజిస్ట్రేట్ ముందు ప్రమాణం చేసి చెప్పాడు. ఆయన వాడింది రీన్ష్ టెస్ట్. శాంపిల్‌ని హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో వేసి రాగి జాలీతో మరిగిస్తే, ఆర్సెనిక్ ఉంటే రాగి మీద నల్లగా పేరుకుంటుంది. మంచి టెస్టే. కానీ ఆ 21వ సీసాలో ఉన్నది పొటాషియం క్లోరేట్, అప్పట్లో మందుగా వాడేవాళ్ళు, యాసిడ్‌లో అది రాగిని తినేస్తుంది. ఆయన వేసిన రాగి కరిగిపోయింది, మళ్ళీ వేశాడు, మళ్ళీ కరిగింది, క్లోరేట్ అంతా అయిపోయేదాకా వేస్తూ పోయి చివర్లో వేసిన రాగి మీద నల్లగా కనిపించింది కదా అని ఆర్సెనిక్ అన్నాడు. ఆ ఆర్సెనిక్ రాగిలోదే. గని నుంచి వచ్చిన రాగిలో అది కొంచెం ఉంటుంది, మామూలుగా అయితే రాగి కరగదు కాబట్టి బయటికి రాదు. సీసాలో ఉన్నది ఆర్సెనిక్ కాదు, టెస్ట్ చేసినాయనే తెచ్చి కలిపాడన్నమాట!

ట్రయల్ టైమ్‌కి టేలరే ఈ సంగతి ఒప్పుకున్నాడు, దానికి మాత్రం మెచ్చుకోవాలి. ఆవిడ అవయవాల్లో ఆర్సెనిక్ అసలు దొరకలేదు. పోస్ట్‌మార్టంలో ఆవిడ గర్భిణి అని కూడా తేలింది, అంటే విపరీతమైన వాంతులకి ఇంకో కారణం ఎదురుగానే ఉంది. ఇంత ఉన్నా జ్యూరీ దోషి అంది, జడ్జి ఉరిశిక్ష వేశాడు. తర్వాత గొడవ గొడవయ్యి హోమ్ సెక్రటరీ, బెంజమిన్ బ్రోడీ అనే పెద్ద సర్జన్‌ని అడిగితే, నేరం రుజువు కావడానికి ఈ సాక్ష్యం సరిపోదు అని ఆయన రాసిచ్చాడు, క్షమాభిక్ష వచ్చింది. మొదటి భార్య ఉండగానే రెండో పెళ్ళి చేసుకున్నందుకు, బయటికొచ్చిన వెంటనే మళ్ళీ లోపలేశారు, అది వేరే విషయం, అతనేం పెద్దమనిషి కాదు. కాకపోతే పెద్దమనిషి కానంత మాత్రాన హంతకుడైపోడు కదా.

విచిత్రమేంటంటే ఈ జాగ్రత్త అంతకుముందు 20 ఏళ్ళ కిందటే తెలుసు. 1836లో జేమ్స్ మార్ష్ ఆర్సెనిక్ టెస్ట్ కనిపెట్టాడు, జింకు, యాసిడ్ వేస్తే వచ్చే గ్యాస్‌ని వేడిచేస్తే గాజు మీద అద్దంలా పొర కడుతుంది. ఆ జింకులో, ఆ యాసిడ్‌లోనే ఆర్సెనిక్ ఉండొచ్చు. 1840లో ఫ్రాన్స్‌లో మారీ లాఫార్జ్ అనే ఆవిడ మీద కేసు, మొగుణ్ణి ఆర్సెనిక్ పెట్టి చంపిందని. అక్కడ ఓర్ఫిలా అనే విషాల నిపుణుడు తన కెమికల్స్ ముందు చూసుకున్నాడు, సమాధి చుట్టూ ఉన్న మట్టి కూడా చూశాడు, ఇది కెమికల్స్ నుంచీ రాలేదు, మట్టి నుంచీ రాలేదు అని చెప్పిన తర్వాతే ఇది శరీరంలోదే అన్నాడు. మనం ఇవాళ పాతిపెట్టిన శవాన్ని తహసీల్దార్ సమక్షంలో తవ్వి తీసినప్పుడు శవం పైన, కింద, పక్కల మట్టి తీసుకుని, అది చాలక కాస్త దూరంగా ఇంకో చోట మట్టి కూడా ఎందుకు తీసుకుంటాం అనుకున్నారు? దూరం మట్టిలోనూ అంతే ఆర్సెనిక్ ఉంటే ఇంక కేసేముంది.

అలాగే కుళ్ళిన శవం రక్తంలో ఆల్కహాల్ వస్తే వెంటనే తాగి ఉన్నాడని రాసేయకండి, కుళ్ళేటప్పుడు బ్యాక్టీరియాయే ఆల్కహాల్ తయారుచేస్తుంది, అందుకే కుళ్ళు ఆలస్యంగా చేరే విట్రియస్, అంటే కంటి లోపలి జెల్లీ లాంటి ద్రవం, కూడా తీసి పంపమనేది. ఇది పరీక్షలో వస్తుంది, రాసుకోండి.

సరే, ఇప్పుడు సీసా వదిలేసి డబ్బా దగ్గరికి వద్దాం. పురుగుమందు డబ్బా. మనలో సగంమంది రైతు కుటుంబాల నుంచి వచ్చినవాళ్ళమే, డబ్బా మీద రంగు త్రికోణం అందరం చూసుంటాం. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆ రంగు ఎలా వచ్చిందో ఎప్పుడైనా ఆలోచించారా? ఎలుకల నుంచి. నోటి ద్వారా ఇస్తే సగం ఎలుకలు చచ్చిపోయే డోసు ఎంతో చూస్తారు, దాన్ని ఎల్‌డీ 50 అంటాం, 1927లో ట్రెవాన్ అనే ఆయన పెట్టిన లెక్క. కేజీ బరువుకి 50 మిల్లీగ్రాముల లోపైతే ఎరుపు, 500 దాకా పసుపు, 5000 దాకా నీలం, ఆ పైన ఆకుపచ్చ. ఆ లెక్కన మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు ఎరుపు, పారాక్వాట్ అనే గడ్డిమందు పసుపు. అంటే గడ్డిమందు కాస్త నయం అన్నట్టు.

క్యాజువాలిటీలో డ్యూటీ చేసినవాళ్ళు ఇప్పుడు నవ్వుకుంటున్నారు, నాకు కనిపిస్తోంది. నవ్వే విషయమేం కాదు గానీ. మోనోక్రోటోఫాస్ తాగి వస్తే విరుగుడుగా అట్రోపిన్ ఉంది, వెంటిలేటర్ ఉంది, చాలామందిని ఇంటికి పంపిస్తాం. గడ్డిమందు ఒక గుక్క మింగినా చాలు, మొదటి రోజు కూర్చుని మాట్లాడుతుంటాడు, తర్వాత కిడ్నీలు, తర్వాత ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయి, విరుగుడు లేదు, ఆక్సిజన్ పెడితే డ్యామేజీ ఇంకా పెరుగుతుంది. గడ్డిమందు తాగినవాళ్ళ మూత్రంలో డైథయోనైట్ అనే కెమికల్ వేస్తే నీలంగా మారుతుంది, అక్కడ కూడా చెప్తున్నా, పక్కన మామూలు మూత్రం ఒకటి పెట్టి చేయండి, లైటు వెలుతురులో అన్నీ నీలంగానే కనిపిస్తాయి. మరి ఎలుక ఎందుకు తప్పు చెప్పింది? ఎలుక తప్పు చెప్పలేదు, మనం అడిగిన ప్రశ్న వేరు. ట్రీట్‌మెంట్ ఇస్తే ఎంతమంది బతుకుతారు అని ఎలుకని ఎవరూ అడగలేదు.

ఆ ప్రశ్న మనుషుల దగ్గరే అడిగింది శ్రీలంకలో. మైకేల్ ఎడిల్‌స్టన్, ఆయన టీమ్, అనురాధపుర, పొలొన్నరువ హాస్పిటళ్ళలో కూర్చుని ఎవరు ఏ మందు తాగారో, ఎవరు బతికారో ఒక్కొక్కరినీ రాసుకున్నారు. 2005లో లాన్సెట్ అనే మెడికల్ జర్నల్‌లో వేశారు, ఆర్గానోఫాస్ఫేట్లలో, అంటే మోనోక్రోటోఫాస్ జాతి పురుగుమందుల్లో, మూడు మందులు, 802 మంది పేషెంట్లు. క్లోర్‌పైరిఫాస్ తాగినవాళ్ళలో చనిపోయింది 8 శాతం, డైమిథోయేట్ తాగినవాళ్ళలో 23.1 శాతం. ఎంత ప్రమాదం అని డబ్ల్యూహెచ్‌వో వేసిన లిస్టులో రెండూ ఒకటే క్లాసు! ఎందుకు ఇంత తేడా అని మినీపిగ్స్, అంటే చిన్న జాతి పందుల మీద చేసి చూశారు, డైమిథోయేట్ ఒక్కటే ఇచ్చారు, డబ్బాలో దాన్ని కరిగించడానికి కలిపే సాల్వెంట్ ఒక్కటే ఇచ్చారు, అంత డ్యామేజీ రాలేదు, రెండూ కలిపి ఇస్తే వచ్చింది. సాల్వెంట్ ఒక్కటే ఇచ్చిన ఆ గుంపు పెట్టకపోయుంటే తప్పంతా మందు మీదే వేసేవాళ్ళం, సాల్వెంట్ మారిస్తే కొంత తగ్గుతుందన్న ఆలోచనే రాదు.

అది పేపర్ దగ్గరే ఆగలేదు కూడా. 2008 నుంచి 2011 లోపు శ్రీలంక పారాక్వాట్, డైమిథోయేట్, ఫెంథియాన్ మూడూ ఆపేసింది. అంతకుముందు ఆపినవి కూడా కలుపుకుంటే, 1995లో ఉన్న ఆత్మహత్యల రేటు 2015కి 70 శాతం పైగా తగ్గింది. ఇన్ని చావులు తగ్గించిన సైకియాట్రీ మందు ఏదైనా ఉందేమో సైకియాట్రీ వాళ్ళే చెప్పాలి.

ఇక సర్జరీ. సర్జరీ వాళ్ళు ముందు వరసలోనే ఉన్నారు, కోప్పడకండి. మిగతా మెడిసిన్‌కంటే ఈ పోల్చిచూడడం అనేది సర్జరీలోకి ఆలస్యంగా వచ్చిందనే నా అభిప్రాయం. బ్రెస్ట్ క్యాన్సర్‌కి హాల్‌స్టెడ్ ఆపరేషన్, రొమ్ముతో పాటు ఛాతీ కండరాలు, చంకలో నోడ్స్, అంటే లింఫ్ గ్రంథులు, అన్నీ తీసేయడం, 1890ల నుంచి దాదాపు 80 ఏళ్ళు అదే నడిచింది. అంత తీయకపోతే ఏమవుతుంది అని ర్యాండమైజ్ చేసి, అంటే ఎవరికి ఏ ఆపరేషన్ అనేది లాటరీ తీసినట్టు తేల్చి, చూద్దామని 1971లో బెర్నార్డ్ ఫిషర్ మొదలుపెడితే అమెరికాలో సర్జన్లే తిట్టారు. 1,600 మందికి పైగా ఆడవాళ్ళు, 25 ఏళ్ళ తర్వాత లెక్క చూస్తే బతికిన కాలంలో తేడా లేదు.

ఇది విని, అయితే సర్జరీ ఎంత తక్కువ చేస్తే అంత మంచిది అనుకుంటారేమో, అక్కడే నాకు మన దేశంలో పని ఇష్టం. టాటా మెమోరియల్ క్యాన్సర్ హాస్పిటల్, ముంబై. నోటి క్యాన్సర్ మన జబ్బు, గుట్కా, ఖైనీ, మన శ్రీకాకుళం వైపు నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ, ఎవరికీ చెప్పక్కర్లేదు. నాలుక మీదో బుగ్గలోనో చిన్న గడ్డ, మెడలో ఏమీ తగలట్లేదు. గడ్డతో పాటు మెడలో నోడ్స్ కూడా ఇప్పుడే తీసేయాలా, వస్తే అప్పుడు చూద్దామా? ఇప్పుడే తీస్తే కొంతమందికి అనవసరంగా భుజం నొప్పి, మచ్చ. దశాబ్దాలుగా ఎవరికి నచ్చింది వాళ్ళు చేశారు. డిక్రూజ్ టీమ్ ర్యాండమైజ్ చేసి 2015లో న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో వేశారు, మూడేళ్ళకి బతికినవాళ్ళు ముందే తీసిన గ్రూపులో 80 శాతం, ఆగి చూసిన గ్రూపులో 67.5 శాతం. ఇక్కడ ఎక్కువ కోసినందుకే ఎక్కువమంది బతికారు. రొమ్ములో తక్కువ చాలు, నోట్లో ఎక్కువ కావాలి, కుర్చీలో కూర్చుని ఆలోచిస్తే తెలిసే విషయం కాదిది.

అదే ఏడాది అక్కడి నుంచే బడ్వే టీమ్ ఇంకోటి. జబ్బు అప్పటికే ఒళ్ళంతా పాకిన బ్రెస్ట్ క్యాన్సర్ పేషెంట్లకి రొమ్ము ఆపరేషన్ చేస్తే ఎక్కువ కాలం బతుకుతారని పాత రికార్డులు చూసి చాలామంది రాశారు. ఆ రికార్డుల్లో సర్జన్ ఎవరికి ఆపరేషన్ చేశాడు? వయసులో ఉన్నవాళ్ళకి, కీమో బాగా పనిచేసినవాళ్ళకి, జబ్బు తక్కువ పాకినవాళ్ళకి. బాగా పరిగెత్తేవాళ్ళకే కొత్త బూట్లు ఇచ్చి, చూశారా బూట్ల వల్ల గెలిచారు అన్నట్టు. కీమోకి తగ్గిన 350 మందిని తీసుకుని, ఎవరికి ఆపరేషన్ అనేది సర్జన్ చేతిలో లేకుండా ర్యాండమైజ్ చేశారు. బతికిన కాలం మీడియన్, అంటే సగంమంది దాటిన కాలం, ఆపరేషన్ చేసినవాళ్ళలో 19.2 నెలలు, చేయనివాళ్ళలో 20.5. తేడా లేనట్టే. ఆ ఒక్క ట్రయల్ వల్ల ఎంతమందికి కోత తప్పిందో, ఊళ్ళో పొలం అమ్మడం ఎంతమందికి తప్పిందో.

చివరిగా ఒకటి చెప్పి కూర్చుంటాను, టైమ్ అయిపోయిందని ఆర్గనైజర్ గారు చూస్తున్నారు. 2023లో బడ్వే వాళ్ళదే ఇంకో ట్రయల్ వచ్చింది. బ్రెస్ట్ ఆపరేషన్ మొదలుపెట్టే 7 నుంచి 10 నిమిషాల ముందు గడ్డ చుట్టూ లిగ్నోకెయిన్ ఇంజక్షన్, పళ్ళ డాక్టర్ ఇచ్చే మత్తుమందే, చాలా చవక. 1,600 మంది. అయిదేళ్ళకి బతికినవాళ్ళు ఇంజక్షన్ ఇచ్చినవాళ్ళలో 90.1 శాతం, ఇవ్వనివాళ్ళలో 86.4. కత్తి తగిలినప్పుడు క్యాన్సర్ కణాలు కదలకుండా ఆపుతుందని వాళ్ళ ఆలోచన. నాకు చాలా నచ్చింది, అయినా ఒక మాట అడగకుండా ఉండలేను. పోల్చిన గ్రూపుకి అసలు ఏ ఇంజక్షనూ ఇవ్వలేదు. ఉత్త సెలైన్ అయినా గడ్డ చుట్టూ పొడిచి ఉంటే, పనిచేసింది మందా, లేక సూది గుచ్చడం, నీరు నింపడమా అన్నది తేలేది కదా. సర్జరీ ప్రొఫెసర్ గారు ఇందాకట్నుంచి తల అడ్డంగా ఊపుతున్నారు, మైకు ఆయనకే ఇస్తున్నాను.