ర్యాంకులు లేని హైస్కూలు ఎలా నడుస్తుంది?

(బెంగళూరులో తెలుగు తల్లిదండ్రుల సమావేశంలో ఒక ప్రత్యామ్నాయ బడి టీచరు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఆదివారం పూట, ఈ ట్రాఫిక్‌లో, వైట్‌ఫీల్డ్ నుంచీ మారతహళ్లి నుంచీ ఇంత దూరం వచ్చారంటే పిల్లల చదువు గురించి మీ మనసులో ఎంత గుబులుందో అర్థమవుతోంది. అందుకే నేరుగా విషయానికి వస్తాను.

ప్రత్యామ్నాయ బడి అనగానే మనవాళ్లు ముందు అడిగేది, "అక్కడ పరీక్షలుండవట కదా, మరి పిల్లలు చదువుతారా?" అని. మా బడిలో ఎనిమిదో తరగతి దాకా పరీక్షలు లేని మాట నిజమే. ర్యాంకులు ఏ తరగతికీ లేవు. అయితే పరీక్ష తీసేసి ఊరుకుంటే పిల్లలు నష్టపోతారు. దాని చోట పెద్దవాళ్లు ఏం పెట్టారు, దానికోసం ఎంత కష్టపడుతున్నారు అన్నదే చూడాలి.

ఇది మనకు కొత్త ఆలోచనేం కాదు. మదనపల్లెలో తెలుగింట పుట్టిన తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి పేరుతో ముడిపడిన రిషివ్యాలీ బడి 1926లో మొదలైంది. అదే ఆలోచనతో ఇక్కడ కనకపుర రోడ్డులో వ్యాలీ స్కూల్ 1978లో వచ్చింది. 1990లో ఇక్కడే సెంటర్ ఫర్ లెర్నింగ్ అనే బడి వచ్చింది. అటు మద్రాసు అడయారులో 1939లోనే ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి స్వయంగా వచ్చి టీచర్లకు శిక్షణ ఇచ్చారు. వీటన్నిటి పద్ధతీ ఒకటి కాదు. నేను చెప్పగలిగింది మా బడి సంగతి.

మా దగ్గర ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు కలిసే కూర్చుంటారు. పొద్దున లెక్కలు, భాషలు, సైన్సు. ఒక్కో పీరియడు గంటన్నర. మధ్యాహ్నాలు ప్రాజెక్టుకి. పోయినేడాది వాళ్లు పట్టుకున్న ప్రశ్న, "మన కుళాయిలో నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయి?" అన్నది. కావేరి నీళ్లను తొరెకాడనహళ్లి, హారోహళ్లి, తాతగుణి దగ్గర మూడు అంచెల్లో తోడి, సుమారు 100 కిలోమీటర్ల దూరం, దాదాపు 500 మీటర్ల ఎత్తుకు ఎక్కిస్తారని తెలిసింది. అప్పుడొక అమ్మాయి అడిగింది: "అక్కా, మరి దీనికి కరెంటు ఎంత కాలుతుంది?"

స్థితిశక్తి, అంటే ఎత్తుకు చేర్చిన వస్తువులో నిలవుండే శక్తి, ఆ పాఠం అంతకుముందే అయింది. వెయ్యి లీటర్లంటే వెయ్యి కిలోలు. దాన్ని గురుత్వ త్వరణం 9.8తో, తర్వాత ఎత్తు 500తో గుణిస్తే 49 లక్షల జౌళ్లు. ఒక యూనిట్ కరెంటు అంటే 36 లక్షల జౌళ్లు. అంటే వెయ్యి లీటర్లకు కనీసం 1.36 యూనిట్లు, పంపుల్లో వృథా అయ్యేది కలిపితే ఇంకా ఎక్కువ. బోర్డు మీద ఆ అంకె తేలాక ఎవరింటి వాడకం వాళ్లు లెక్కేసుకోవడం మొదలుపెట్టారు. లెక్కేయమని నేను అడగలేదు.

అక్కణ్ణుంచి చరిత్రలోకి వెళ్లారు. 1974లో కావేరి రాకముందు ఈ ఊరు ఏం తాగింది? అర్కావతి మీద 1896లో హెసరఘట్ట, 1933లో తిప్పగొండనహళ్లి. వాటికీ ముందు చెరువులు. ఒక చెరువు నిండి అలుగు పారితే రాజకాలువ గుండా కింది చెరువుకు నీళ్లు చేరేవి. పిల్లలు ఒక రాజకాలువ వెంబడి నడిచి పటం గీశారు. దారిలో ఒక పెద్దాయన కన్నడంలో మొదలుపెట్టి, మావాడొకడి అనంతపురం యాస విని తెలుగులోకి మారిపోయి, తను ఈత కొట్టిన చోటు చూపించారు. అక్కడిప్పుడు కార్ల షెడ్డు ఉంది. చివర్లో ఇదంతా మిగతా తరగతుల ముందు, తల్లిదండ్రుల ముందు చెప్పి, అడిగినవాటికి జవాబులిచ్చారు.

ప్రాజెక్టులతో అన్నీ రావు. త్రికోణమితి కూర్చుని సాధన చేయాల్సిందే, రసాయన సమీకరణాలూ అంతే. ఆ కష్టాన్ని మేం దాచం.

ఏడాదికి రెండుసార్లు మీ చేతికి రిపోర్టు వస్తుంది. అందులో మార్కులుండవు, ఇలాంటి మాటలుంటాయి: "సమీకరణంలో గుర్తులు మార్చేటప్పుడు తొందరపడుతున్నాడు. చేసిన లెక్కను నోటితో చెప్పమంటే తప్పు తనే పట్టుకుంటున్నాడు." 93 వచ్చాయంటే మనకు సంతోషమే, కానీ పోయిన 7 ఎందుకు పోయాయో ఆ అంకె చెప్పదు. ఇలా రాయాలంటే టీచరు ఆ పిల్లవాణ్ణి వారాల తరబడి గమనించి ఉండాలి. తరగతిలో యాభైమంది ఉంటే అది జరిగే పని కాదు.

ఇక సోమవారం సభ. అందరం నేల మీద గుండ్రంగా కూర్చుంటాం. గిన్నెలు తోమే వంతులు, ఫోన్లు, అలకలు అన్నీ అక్కడికే వస్తాయి. ఒకసారి ఆటస్థలాన్ని మగపిల్లలే ఆక్రమిస్తున్నారని అమ్మాయిలు అడిగారు. మేం ఒక్క మాటతో తీర్పు చెప్పేయొచ్చు, చెప్పలేదు. వారాలు నలిగింది. కన్నీళ్లూ వచ్చాయి. చివరికి అమ్మాయిలూ అబ్బాయిలూ కలిసిన జట్లుగా ఆడాలని వాళ్లే ఒప్పుకున్నారు. సర్దుబాట్లు ఇప్పటికీ నడుస్తూనే ఉన్నాయి.

పదో తరగతికి మావాళ్లు ఎన్‌ఐఓఎస్ రాస్తారు. అది 1989లో కేంద్రప్రభుత్వం పెట్టిన ఓపెన్ స్కూల్. పద్నాలుగేళ్లు నిండాలి, అయిదు సబ్జెక్టులు చాలు, ఏడాదికి రెండుసార్లు పరీక్షలు, విడివిడిగానూ రాసుకోవచ్చు. దాంతో పీయూసీలో, అంటే ఇక్కడి ఇంటర్‌లో, చేరొచ్చు. కొన్ని బడులు ఐసీఎస్‌ఈ బోర్డు పరీక్షకో కేంబ్రిడ్జి పరీక్షకో పంపిస్తాయి. తొమ్మిది నుంచే జేఈఈ కోచింగ్ కావాలనుకుంటే మాత్రం మా బడి మీకు సరిపడదు, ముందే చెప్తున్నాను. ఫీజుల సంగతి నన్ను బాధపెడుతుంది. తరగతిలో పిల్లలు తక్కువైతే ఒక్కొక్కరి మీద పడే ఖర్చు ఎక్కువ. ఈ చదువు ఎక్కువ అవసరమైన ఇళ్లకే ఇది అందడం లేదు.

ఏ బడికి వెళ్లినా ప్రిన్సిపాల్‌తో మాట్లాడి వచ్చేయకండి. తొమ్మిదో తరగతి పిల్లల దగ్గర కూర్చోండి. పోయిన నెల దేనికోసం తంటాలు పడ్డారో, ఎవరితో గొడవైందో, అదెలా తెగిందో అడగండి. టీచర్లు ఎన్నేళ్లుగా అక్కడే ఉన్నారో కనుక్కోండి. ఇక మీ ప్రశ్నలు మొదలుపెట్టండి, వెనక కూర్చున్నవాళ్లతో మొదలుపెడదాం.