జంపఖానా డిజైన్ కస్టమర్ చేతికిస్తే స్క్రీన్ మీద ఏముండాలి?

నమస్తే. వరంగల్ జంపఖానాలకు 2018లో జీఐ (ఫలానా ప్రాంతపు సరుకు అని చెప్పే భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. వరంగల్‌లోని కొత్తవాడ మగ్గాల మీద నేసే ఈ సరుకును ఆన్‌లైన్‌లో పెడితే, సైజు, రంగులు కస్టమరే ఎంచుకునే టూల్ కూడా పెట్టొచ్చు. కాకపోతే ఆ టూల్ తయారుచేసేవాళ్లకు మగ్గం సంగతి తెలిసుండాలి.

ముందు రంగులు చూద్దాం. చాలామంది కలర్ పికర్ (స్క్రీన్ మీద ఏ రంగైనా ఎంచుకునే టూల్) పెట్టి వదిలేస్తారు. అందులో 1 కోటి 67 లక్షలకు పైగా రంగులుంటాయి. అన్ని రంగుల నూలు ఏ అద్దకం పనివాళ్లు ఇవ్వగలరు? ఫోన్‌లో మెరిసిపోయే నీలం ఎంచుకున్నాయన, ఇంటికొచ్చిన జంపఖానా చూసి మోసపోయాననే అనుకుంటాడు. అందుకే నిజంగా దొరికే నూలు రంగులే పెట్టండి. అవి కూడా ఉత్త రంగు డబ్బాలుగా కాదు, పగటి వెలుతురులో తీసిన నూలు ఫోటోలుగా.

ఇక సైజు. మగ్గం వెడల్పును మించి ఒకే ముక్కగా నేయలేరు, పొడవైతే పెంచుకోవచ్చు. కాబట్టి వెడల్పుకు నేయగలిగిన కొలతలే చూపించాలి, పొడవు మాత్రం కస్టమర్ ఇష్టానికి వదలొచ్చు. బొమ్మ పక్కన ఒక మంచం కూడా చూపిస్తే ఆరడుగులంటే ఎంతో కళ్లకు తెలుస్తుంది.

నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించేది ధర. అడ్డపట్టీలు కావాలంటే పేక నూలు (అడ్డంగా నేసే నూలు) రంగు మారిస్తే చాలు. మధ్యలో మెట్ల డిజైన్ కావాలంటే ఒక రంగు పేకను పక్క రంగు పేకతో మెలేస్తూ చేత్తో నేయాలి. దానికి ఎన్నో గంటలు ఎక్కువ పడుతుంది. కస్టమర్ ఆ డిజైన్ నొక్కగానే ధర అక్కడే మారాలి, ఎందుకు పెరిగిందో పక్కనే ఒక్క లైన్ ఉండాలి. అది చదివినవాళ్లు బేరమాడే ముందు కాస్త ఆలోచిస్తారు. అదే ధర చివర్లో, కార్ట్‌లో బయటపడితే పేజీ మూసేసి వెళ్లిపోతారు, అందులో వాళ్ల తప్పేం లేదు.

ఖాళీ స్క్రీన్‌తో ఎప్పుడూ మొదలుపెట్టకండి. ఒక పూర్తి డిజైన్ చూపించి, మార్చుకోమనండి. ఫోన్‌లో ఆప్షన్లు కింద కదులుతున్నా బొమ్మ పైన కనిపిస్తూనే ఉండాలి.

లాగిన్, ఓటీపీ ఆర్డర్ దగ్గర అడగండి, అంతకుముందు వద్దు. ఇంట్లోవాళ్లను అడగకుండా జంపఖానా కొనేవాళ్లు తక్కువ. చేసిన డిజైన్ లింక్‌ను వాట్సాప్‌లో పంపగలగాలి, అవతలివాళ్లు తెరిస్తే అదే డిజైన్, అదే ధర కనిపించాలి.