మూడంగుళాల వైసా, నాలుగంగుళాలదా? మళ్లీ తిరిగే బేస్ పేచీ

బామ్మర్ది: రికార్డ్ అవుతోందా?

బావ: ఎర్ర దీపం వెలిగింది. మొదలుపెట్టు.

బామ్మర్ది: అందరికీ నమస్కారం. ఈ వారం విషయం, ఇంట్లో పెట్టుకునే చిన్న మిల్లింగ్ మెషీన్‌కి, అంటే తిరిగే కట్టర్‌తో లోహాన్ని చెక్కే మెషీన్‌కి, ఎంత సైజు వైస్ కొనాలి అని. వైస్ అంటే చెక్కే ముక్కని, అదే జాబ్‌ని, రెండు దవడల మధ్య బిగించి పట్టేది. ఆ దవడలనే జా అంటాం. ఒకటి కదలని ఫిక్స్‌డ్ జా, రెండోది కదిలేది. ఖమ్మం నుంచి ఒక శ్రోత రాశారు. సీగ్ ఎక్స్2 రకం మెషీన్ కొనుక్కున్నారట. రాణీగంజ్‌లో ఒక షాపులో పాత ఆరంగుళాల వైస్ కనిపించిందట. బరువుగా, గట్టిగా ఉంది, తీసుకోమంటారా అని అడుగుతున్నారు.

బావ: రాణీగంజ్‌లో పాత సరుకంటే ప్రాగా కంపెనీ వాళ్ల చక్‌లు, అదే ముక్కనో డ్రిల్‌నో పట్టి తిప్పేవి, ఇంకా దొరుకుతాయి. ఆయన అవి చూశారో లేదో.

బామ్మర్ది: బావా, అప్పుడేనా?

బావ: చక్ అడగలేదులే, తెలుసు. చెప్పు.

బామ్మర్ది: ఆరంగుళాల వైస్ ముప్పై కిలోల పైమాటే. ఆయన మెషీన్ మొత్తం కలిపితే యాభై, అరవై కిలోలు. టేబుల్ 390 మిల్లీమీటర్ల పొడవు, 92 వెడల్పు. అరచేయంత వెడల్పే ఉన్న టేబుల్ మీద ఆ బరువు పెడితే, ముందు గిబ్‌లు, అంటే టేబుల్ జారే చోట వదులు లేకుండా పెట్టే పట్టీలు, ఏడుస్తాయి. హ్యాండిల్ తిప్పితే టేబుల్ బరువుగా కదులుతుంది, చివరలకి పోయేసరికి వాలుతుంది. వాలిన టేబుల్ మీద చదునైన జాబ్ ఎలా వస్తుంది?

బావ: మూడంగుళాలదే సరైంది అంటావు.

బామ్మర్ది: అంటాను. బరువు సంగతి అందరూ ఊహిస్తారు. అసలు చూడాల్సింది వై. ఆ మెషీన్‌లో టేబుల్ ముందుకీ వెనక్కీ కదిలేది సుమారు 100 మిల్లీమీటర్లే. అంటే నడిమధ్య నుంచి అటు యాభై, ఇటు యాభై. వైస్‌ని జా వెడల్పు చూసి కొంటాం. కానీ మనల్ని ఇబ్బంది పెట్టేది దాని పొడవు. నాలుగంగుళాల మిల్లింగ్ వైస్ పొడవు పావు మీటరు దాకా ఉంటుంది. దాన్ని బోల్టులతో బిగించాలంటే టీ-స్లాట్, అంటే టేబుల్‌లో బోల్టు పట్టే గాడి, ఎక్కడుంటే అక్కడే. మన ఇష్టప్రకారం వెనక్కి జరపలేం. చివరికి కట్టర్ ఫిక్స్‌డ్ జా దాకా వెళ్లదు. జాబ్ సగం దాకా మిల్ అయి ఆగిపోతుంది.

బావ: ఇది మంచి మాట. కొనే ముందు కొలుచుకోవాలి.

బామ్మర్ది: అట్ట ముక్క చాలు. కేటలాగ్‌లో వైస్ పొడవు, వెడల్పు ఉంటాయి. ఆ కొలతతో అట్ట కోసి, ఫిక్స్‌డ్ జా ఎక్కడ వస్తుందో గీత గీసి, టేబుల్ మీద పెట్టాలి. వై హ్యాండిల్‌ని రెండు చివరలా తిప్పి, స్పిండిల్, అంటే కట్టర్‌ని పట్టి తిప్పే ఇరుసు, ఆ గీత దాటుతోందా లేదా చూడాలి. దాటకపోతే ఆ వైస్ ఎంత మంచిదైనా ఆ మెషీన్‌కి పనికిరాదు.

బావ: ఎత్తు కూడా చెప్పు.

బామ్మర్ది: వస్తున్నా. స్పిండిల్‌కీ టేబుల్‌కీ మధ్య గరిష్ఠంగా 280 మిల్లీమీటర్లు. వైస్ బెడ్‌కి ఓ అరవై పోతాయి. దాని కింద తిరిగే బేస్, అంటే వైస్‌ని కావలసిన కోణానికి తిప్పే పీట, పెడితే ఇంకో ముప్పై...

బావ: ఆగు. బేస్‌ని ఇందులోకి లాగకు.

బామ్మర్ది: లాగకుండా ఎలా? వైస్‌తో పాటే పెట్టెలో వస్తుంది. కొత్తగా కొన్నవాళ్లలో చాలామంది దాన్ని బిగించే వాడతారు.

బావ: వాడితే తప్పేంటి? కోణంలో స్లాట్ కొట్టాలి. ముప్పై డిగ్రీలు. రెండు నట్లు వదులు చేసి, తిప్పి, గీత చూసి బిగిస్తే అయిపోయె. బేస్ లేకపోతే వైస్ మొత్తం విప్పాలి.

బామ్మర్ది: విప్పు. ఏడాదికి ఎన్నిసార్లు కోణం కొడతావు?

బావ: కొట్టేరోజు నువ్వే నా దగ్గరికి వస్తావు.

బామ్మర్ది: లెక్క చూడు. 280లో తొంభై పోతే మిగిలింది 190. డ్రిల్ చక్ పెడితే దానికి వంద. పది మిల్లీమీటర్ల డ్రిల్ బిట్ చక్ బయటకి దాదాపు తొంభై వస్తుంది. అయిపోయింది. జాబ్ ఎక్కడ పెడతావు?

బావ: పొట్టి డ్రిల్ వాడతాను.

బామ్మర్ది: బేస్ కోసం డ్రిల్ మార్చుకుంటావా?

బావ: చూడు, నేను పనిచేసిన ప్రతి షాపులో, హెచ్‌ఎంటీ ఎఫ్‌ఎన్2 అనే పెద్ద మిల్లింగ్ మెషీన్ మీద తిరిగే బేస్ ఉన్న వైసే ఉండేది. ఒక్కరూ తీసేవారు కాదు.

బామ్మర్ది: దాని టేబుల్ అడుగు వెడల్పు. కింద నీ ఎత్తునా ఉన్న పోత ఇనుము. దాని మీద ఇంకో ముప్పై మిల్లీమీటర్లు పెరిగితే దానికేం తెలుస్తుంది? బల్ల మీద పెట్టుకునే మెషీన్‌కి ప్రతి అతుకూ ఒక బలహీనతే. టేబుల్‌కీ బేస్‌కీ మధ్య ఒకటి, బేస్‌కీ వైస్‌కీ మధ్య ఇంకొకటి. కట్టర్ లోతుగా వెళ్లగానే చాటర్, అంటే వణుకుతూ చేసే గరగర, మొదలు. ఆ శబ్దం నీకే నచ్చదు.

బావ: కట్ తగ్గించుకోవాలి.

బామ్మర్ది: బేస్ తీసేస్తే కట్ తగ్గించక్కర్లేదు.

బావ: నువ్వు ఒక్క పనే చేసేవాడివి కాబట్టి అలా అంటున్నావు. చదును చేయడం, అంచు కొట్టడం. నాకు అన్నీ కావాలి.

బామ్మర్ది: సరే, కోణం కావాలి. కోణం కొలిచే బెవెల్ ప్రొట్రాక్టర్‌ని మెషీన్ వెనక నిలువుగా ఉండే కాలమ్ వైపు నుంచి ఆనించి, వైస్‌నే తిప్పి రెండు క్లాంపులతో బిగించు. లేదంటే జాబ్‌ని జాల మధ్య వాల్చి కట్టు. పొడవాటి ముక్క అయితే వైసే వద్దు, టేబుల్ మీదే నేరుగా క్లాంపులు వేయి.

బావ: తర్వాత మళ్లీ డయల్, అదే వంకర చూపించే ముల్లు మీటరు, పెట్టి సరిచేయాలి కదా? బేస్ ఉంటే సున్నా గీత మీదకి తిప్పేస్తే చాలు.

బామ్మర్ది: అక్కడే మనిద్దరం విడిపోతాం. ఆ గీత చూసి సరైందని నమ్ముతావా? కంటికి సున్నాలా కనిపించినా, జా పొడవునా డయల్ నడిపితే వంకర తెలిసిపోతుంది. ఎలాగూ డయల్ పెట్టాల్సిందే. మరి బేస్ వల్ల మిగిలిన టైమ్ ఎక్కడ?

బావ: ... గీతని నమ్మమని నేను అనలేదు.

బామ్మర్ది: ఇప్పుడే అన్నావు.

బావ: అరవకు. మా నాన్న ప్రాగాలో ఫిట్టర్. నాకు మొదట నేర్పింది అదే. ఫిక్స్‌డ్ జానే నీ అసలు కొలత, అది కదలదు, కట్టర్ దెబ్బ ఎప్పుడూ దానివైపే పడేట్టు చూసుకో, కదిలే జా మీద కాదు అని. డయల్ పెట్టకుండా ఆయన జాబ్ ముట్టుకునేవాడు కాదు. 1943లో సికింద్రాబాద్‌లో మొదలైన కంపెనీ రా అది. టూల్ గ్రైండర్లు, మిల్లింగ్ మెషీన్లు, చక్‌లు, ఎన్ని చేశారు! తర్వాత హెచ్‌ఎంటీ చేతికి వెళ్లింది. ఆ ఫ్యాక్టరీ ఉండిన కవాడిగూడ వైపు వెళ్లినప్పుడల్లా బాధేస్తుంది. అంత పనితనం ఉన్న మనుషులు, వాళ్ల దగ్గర నేర్చుకునే కుర్రాళ్లు లేకుండా పోయారు.

బామ్మర్ది: మామయ్య చెప్పిన ఫిక్స్‌డ్ జా మాట నేను ఇప్పటికీ పాటిస్తాను బావా.

బావ: తెలుసు. నీ పని చూస్తే తెలుస్తుంది.

బామ్మర్ది: మామయ్య ఉంటే బేస్ తీసేయమనేవారు.

బావ: అనేవాడు కాదు!

బామ్మర్ది: సరే, ఖమ్మం ఆయనకి జవాబు చెప్పి తీరాలి. ఎక్స్2 రకానికి మూడంగుళాల స్క్రూలెస్ వైస్. టూల్‌మేకర్ వైస్ అని కూడా అడగొచ్చు. దానికి ముందు పొడుచుకొచ్చే హ్యాండిల్ ఉండదు, ఎత్తు తక్కువ, పక్కన గాడులు ఉంటాయి కాబట్టి క్లాంపు ఎక్కడైనా వేసుకోవచ్చు. టీ-స్లాట్‌తో పేచీ లేదు. బిగించేటప్పుడు జా కిందకి కూడా లాగుతుంది.

బావ: కానీ నిదానం. సైజు మారినప్పుడల్లా కింద ఉన్న పిన్ను ఇంకో గాడిలోకి మార్చాలి. ఒకే సైజు ముక్కలు చాలా ఉంటే ఫరవాలేదు.

బామ్మర్ది: అవును, ఆ ఓపిక కావాలి. టేబుల్ 160 వెడల్పు ఉండే ఎస్‌ఎక్స్3 లాంటిదైతే నాలుగంగుళాల మామూలు మిల్లింగ్ వైస్ బాగుంటుంది. ఆరంగుళాలది బ్రిడ్జ్‌పోర్ట్ సైజు మెషీన్లకి, అంటే నేల మీద నిలబెట్టే పెద్దవాటికి.

బావ: జా లేచే సంగతి చెప్పలేదు.

బామ్మర్ది: చెప్పు.

బావ: డ్రిల్లింగ్ మెషీన్‌కి అమ్మే చవక వైస్‌లో, బిగించిన కొద్దీ కదిలే జా వాలి జాబ్‌ని పైకి లేపుతుంది. జాబ్ కింద ఎత్తు కోసం పెట్టిన ప్యారలల్స్ అనే సమాన పట్టీలు వేలితో కదిపితే వదులుగా తిరుగుతాయి. ఆ స్థితిలో మిల్ చేస్తే ముఖం చదునుగా రాదు. అమెరికాలో కర్ట్ వాళ్ల యాంగ్‌లాక్ అని ఒకటుంది. జా లోపల అర్ధగోళం ఆకారంలో ఒక ముక్క, వాలుగా ఉన్న తలం మీద నొక్కుకుంటుంది. ముందుకి తోసే బలంలో కొంత కిందకి మళ్లుతుంది. ఇప్పుడు ఆ పద్ధతిలో చాలామంది చేస్తున్నారు. కొనేటప్పుడు అది ఉందా అని అడగండి. లేకపోతే బిగించాక రాగి సుత్తితో జాబ్ మీద మెల్లగా కొట్టి, ప్యారలల్స్ కదలట్లేదని చూసుకున్నాకే మిల్లింగ్.

బామ్మర్ది: కొట్టాక మళ్లీ బిగించకూడదు.

బావ: బిగిస్తే మళ్లీ లేస్తుంది. అదీ చెప్పాలి, మంచిది.

బామ్మర్ది: మరి ఆయన చూసిన ఆరంగుళాలది?

బావ: మిల్లింగ్‌కి వద్దు. బల్ల మీద పెట్టుకుని ఫైలింగ్‌కి వాడుకుంటానంటే, ధర కలిసొస్తే తీసుకోవచ్చు. దాని కింద తిరిగే బేస్ ఉంటే ఇంకా మంచిది.

బామ్మర్ది: బావా!

బావ: బల్ల మీద రా! బల్ల మీద ఎత్తు లెక్కలేదుగా.

బామ్మర్ది: బల్ల మీదైతే నాకు అభ్యంతరం లేదు. మన మెషీన్ మీద మాత్రం రేపు బేస్ తీసేస్తున్నా.

బావ: తీయి. ఆ బోల్టులు నా ప్లాస్టిక్ డబ్బాలో వేయి, పోయినసారి లాగా కాదు.

బామ్మర్ది: ఏ డబ్బా? పచ్చదా?

బావ: పచ్చది కాదు, దాని పక్కది. పచ్చదాంట్లో ప్రాగా చక్ జాలు ఉన్నాయి, వాటిని ముట్టుకోకు.

బామ్మర్ది: అవి ఏ చక్‌వి? ఆ చక్ ఇచ్చేశాం కదా?

బావ: ఇచ్చేశాం, జాలు ఇవ్వలేదు. అది వేరే కథ, రికార్డింగ్ ఆపు.