“నో రిటర్న్” అన్నా సరే, చెప్పిన చీర రాకపోతే డబ్బు వెనక్కి అడగొచ్చు

నమస్కారం అండీ. లైవ్‌లో చూపించిన చీర ఒకటి, ఇంటికొచ్చిన చీర ఇంకొకటి అయితే చట్టం మనకి ఎంతవరకు అండగా ఉంటుంది, మన దగ్గర ఏమేం ఉండాలి అన్నది ఈ రోజు చూద్దాం.

ఖమ్మం నుంచి ఒక అక్క ఫోటోలు పంపారు. “ప్యూర్ పోచంపల్లి ఇక్కత్ పట్టు, చేనేత” అని లైవ్‌లో చూపించి 6,500 రూపాయలు తీసుకున్నారు. పార్సిల్‌లో వచ్చింది ప్రింటు చీర. ఫోన్ చేస్తే, “మేడమ్, నో రిటర్న్, నో ఎక్స్ఛేంజ్ అని ముందే చెప్పాం కదా, పార్సిల్ ఓపెనింగ్ వీడియో కూడా మీ దగ్గర లేదు” అన్నారట. తర్వాత నంబర్ బ్లాక్ చేశారు. ఇక నేను చేయగలిగింది ఏమీ లేదా అని ఆ అక్క అడిగారు.

ఉందండీ, చాలా ఉంది. కానీ ముందు మనకి రూఢిగా తెలియాలి, మోసపోయామా లేదా అని.

చీరని తిరగేయండి. పోచంపల్లిలో పోగులకి ముందే చిటికి కట్టి, అంటే రంగు అంటకూడని చోట గట్టిగా బిగించి కట్టి, రంగు వేస్తారు, ఆ తర్వాతే అది మగ్గం ఎక్కుతుంది. రంగు పోగులోనే ఉంటుంది కాబట్టి వెనక వైపు కూడా డిజైన్ అంతే నిండుగా కనబడాలి. వెనక వెలిసినట్టు, తెల్లగా పాలిపోయినట్టు ఉంటే అది ప్రింటు. అసలు ఇక్కత్‌లో పువ్వు అంచు, గడి అంచు కాస్త చెదిరినట్టు ఉంటాయి. ప్రింటు వేసేవాళ్లు ఆ చెదురుని కూడా దించేస్తున్నారు, అందుకే వెనక వైపు చూడమనేది.

పట్టా కాదా అన్నది పోగు కాల్చి చూస్తే తెలుస్తుంది. కొంగు కుచ్చుల్లో వదులుగా వేలాడేది పడుగు పోగు, అంటే నిలువు పోగు. జాకెట్టు ముక్క తెగిన అంచు నుంచి పేక పోగు, అంటే అడ్డం పోగు ఒకటి వస్తుంది. రెండూ విడివిడిగా కాల్చండి. పట్టయితే జుట్టు కాలిన వాసన వస్తుంది, మసిని వేళ్లతో నలిపితే పొడి అయిపోతుంది. పాలిస్టర్ అయితే కరిగి చివర గట్టిగా ఉండ కడుతుంది, నలగదు. ఇది చేసేటప్పుడు ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి. అంతకుమించి చీరని ముట్టుకోవద్దు. ఫాల్ కుట్టించొద్దు, పీకో చేయించొద్దు, తడపొద్దు, జాకెట్టు ముక్క కత్తిరించొద్దు. వాడేశారు అనే మాటకి అవకాశం ఇవ్వకూడదు.

ఇంకొకటి, సిల్క్ మార్క్ లేబుల్ ఉంది కదా అంటారు. ఆ లేబుల్ చెప్పేది పట్టు స్వచ్ఛత గురించి మాత్రమే. మగ్గం మీద నేసిందా, మరమగ్గం మీద నేసిందా అన్నది అది చెప్పదు. చేనేతకి వేరే హ్యాండ్‌లూమ్ మార్క్ ఉంది, 2006 నుంచి. పోచంపల్లి ఇక్కత్‌కి భౌగోళిక గుర్తింపు 2004-05లోనే వచ్చింది. ఆ పేరు వెనక చిటికి కట్టేవాళ్లు, ఆసు మీద పోగులు పోసేవాళ్లు, నేసేవాళ్లు, ఇంటిల్లిపాదీ రోజుల తరబడి పడే కష్టం ఉంది. ప్రింటు చీరకి ఆ పేరు తగిలించి అమ్మితే కొన్నవాళ్లతో పాటు వాళ్లూ నష్టపోతున్నారు. నాకు ఎక్కువ బాధ అనిపించేది అక్కడే.

ఇప్పుడు చట్టం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలై నుంచి అమల్లో ఉంది. వస్తువులో లోపం అంటే చిరుగు, మరక మాత్రమే అనుకోకండి. వ్యాపారి ఏ రకంగానైనా సరే, మాటల్లో గానీ రాతలో గానీ, వస్తువు గురించి ఏం చెప్పుకున్నాడో అది లేకపోయినా లోపమే. లైవ్‌లో నోటితో అన్న “ప్యూర్ పట్టు” కూడా లెక్కలోకి వస్తుంది.

అదే నెలలో ఆన్‌లైన్ అమ్మకాల మీద ఈ-కామర్స్ నిబంధనలు కూడా వచ్చాయి. ప్రకటనలో చెప్పిన లక్షణాలు వస్తువుకి లేకపోతే దాన్ని వెనక్కి తీసుకోననీ, డబ్బు తిరిగివ్వననీ అమ్మకందారు అనడానికి వీల్లేదు. ఇల్లాలు తన పాత చీర ఒకటి అమ్ముకుంటే ఆ నిబంధనలు వర్తించవు. కానీ రోజూ సాయంత్రం లైవ్ పెట్టి, బుకింగ్‌లు తీసుకుని అమ్మేది వ్యాపారమే.

నో రిటర్న్ అన్న ముక్క ఈ హక్కుని తీసేయలేదు. ఓపెనింగ్ వీడియో తప్పనిసరి అన్న షరతు ఆ చట్టంలో గానీ ఆ నిబంధనల్లో గానీ లేదు. అది వాళ్లు పెట్టుకున్నది. వీడియో తీస్తే మంచి సాక్ష్యమే, తీయండి. తీయలేదు కాబట్టి అంతా అయిపోయింది అనుకోవద్దు.

నేను గట్టిగా చెప్పాలనుకున్నది ఇదీ. అందరూ పార్సిల్ విప్పడం వీడియో తీస్తున్నారు, వాళ్లు ఏం చెప్పి అమ్మారో అది మాత్రం దాచుకోవడం లేదు. లైవ్ అయిపోగానే తీసేస్తారు. పోస్టు కింద రాసింది రాత్రికి రాత్రి మార్చేస్తారు. “హ్యాండ్‌లూమ్” పోయి “హ్యాండ్‌లూమ్ స్టైల్” వచ్చి కూర్చుంటుంది. అప్పుడు మీ చేతిలో ఉన్న చీరని దేనితో పోల్చి చూపిస్తారు? అందుకే డబ్బు పంపకముందే స్క్రీన్‌షాట్ తీయండి. లైవ్ అయితే ఆ చీర చూపించే భాగం స్క్రీన్ రికార్డ్ చేయండి. వాట్సాప్‌లో ఒక్క ప్రశ్న రాసి అడగండి: “ఇది చేనేతేనా, ప్యూర్ పట్టేనా?” వాళ్లు “యెస్ మేడమ్” అని పెట్టే ఆ రెండు మాటలు రేపు చాలా పనికొస్తాయి.

పార్సిల్ కవర్ పారేయకండి. ఇలాంటి పేజీల్లో చాలావాటికి అడ్రస్ కనబడదు, ఫిర్యాదు చేయాలంటే అడ్రస్ కావాలి. కొరియర్ స్లిప్ మీద పంపినవాళ్ల అడ్రస్ ఉంటుంది. యూపీఐలో డబ్బు ఎవరి పేరు మీద వెళ్లిందో అది కూడా తీసి పెట్టండి.

పెద్ద సైట్‌లో కొన్నవాళ్లకి దారి ఇంకాస్త సులువు. అమ్మినవాళ్ల పేరు, అడ్రస్ ఆ సైటే చూపించాలి. ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్ ఉండాలి. 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలోపు తేల్చాలి. ఏది అడిగినా రాతలో అడగండి, ఫోన్‌లో మాట్లాడి వదిలేయొద్దు.

అక్కడ తేలకపోతే 1915కి ఫోన్ చేయండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తెలుగులో మాట్లాడొచ్చు. చాలామంది వ్యాపారులు ఇక్కడే దిగొస్తారు. కానీ హెల్ప్‌లైన్ తీర్పు ఇవ్వదు. తీర్పు కావాలంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లాలి.

కమిషన్ అనగానే కోర్టు, వకీలు, ఖర్చు అని భయపడతారు. 5 లక్షల లోపు కొనుగోలుకి ఫీజే లేదు. వకీలు లేకుండా మీరే మాట్లాడొచ్చు. అమ్మినవాళ్లు సూరత్‌లో ఉన్నా బెంగళూరులో ఉన్నా సరే, కేసు మీరుండే జిల్లాలోనే వేయొచ్చు. పాత చట్టంలో ఈ సౌకర్యం లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. కేసు వేయడానికి గడువు రెండేళ్లు. చీర డబ్బుతో పాటు నష్టపరిహారం, ఖర్చులు కూడా అడగొచ్చు. ఇదేమీ వారంలో అయ్యే పని కాదు, ఓపిక పట్టాలి.

కానీ ఒకటి. రంగు నచ్చలేదు, ఒంటికి నప్పలేదు అంటే చట్టం ఏమీ చేయదు. అది అమ్మేవాళ్ల రిటర్న్ పాలసీని బట్టి ఉంటుంది. అలాగే “ఆర్ట్ సిల్క్”, “సెమీ పట్టు”, “ఇక్కత్ ప్రింట్” అని రాసే అమ్మితే, అది అసలు పట్టు గానీ నేసిన ఇక్కత్ గానీ కాదని వాళ్లు చెప్పినట్టే. డబ్బు కట్టించుకుని చీరే పంపకుండా మాయమైతే అది వేరే సంగతి. ఆలస్యం చేయకుండా 1930కి, సైబర్ నేరాల హెల్ప్‌లైన్‌కి చెప్పాలి.

ఇంట్లో కూర్చుని నిజాయితీగా చీరలు అమ్ముకునే ఆడవాళ్లు ఎంతోమంది ఈ ఛానల్ చూస్తున్నారు. మీకు హోల్‌సేల్‌లో చేనేత అని చెప్పి ఇచ్చిన చీరని కూడా తిరగేసి, పోగు కాల్చి చూసుకోండి. కొన్నవాళ్లు నిలదీసేది మీకు ఇచ్చిన హోల్‌సేల్ వాళ్లని కాదు, మిమ్మల్నే. ప్రింటు చీరైతే ప్రింటు అని రాసి ప్రింటు ధరకే అమ్మండి, కొనేవాళ్లు కొంటారు.