రేస్ బైకు బరువు: వడిసెల రాయి లెక్క

[బోర్డు మీద చక్రం బొమ్మ. బల్ల మీద ఒక వడిసెల, రెండు రాళ్లు, పక్కన కాటా.]

అనంతపురంలో ఏ మెకానిక్ షెడ్డు ముందు నిలబడినా ఇదే మాట: "అన్నా, బండి నాలుగు కిలోలు తగ్గించినా, అయినా వంపులో తిరగనంటాంది." ఆ నాలుగు కిలోలు యాడ తీసినారప్పా అంటే, సీటు కింద అంటారు. చిక్కంతా ఆడే ఉంది.

జొన్న చేలో మంచె ఎక్కి పిట్టల్ని తోలే వడిసెల చూసింటారు కదా. పావు కిలో రాయి పెట్టి, తాడు పొడుగ్గా వదిలి తిప్పండి. తిరిగేటప్పుడు దాన్ని పక్కకు వంచబోతే చెయ్యి లాగేస్తుంది. అదే రాయిని పిడికిట్లో పట్టుకుని తిప్పితే ఏమీ తెలియదు. రాయి మారలేదు, తాడు మారింది. తాడు రెండింతలైతే ఆ మొండితనం నాలుగింతలు, మూడింతలైతే తొమ్మిదింతలు.

ఇప్పుడు 17 అంగుళాల చక్రం చూడండి. టైరు పైఅంచు ఇరుసుకు సుమారు 30 సెంటీమీటర్ల దూరం. అక్కడ 100 గ్రాములు తీస్తే, ఇరుసుకు 10 సెంటీమీటర్ల దగ్గర 900 గ్రాములు తీసినంత ఫలితం. పైగా ఆ అంచున ఉన్న బరువు బండితో ముందుకూ పోవాలి, గుండ్రంగానూ తిరగాలి. అందుకే యాక్సిలరేటర్ తిప్పినప్పుడు అంచు మీది 1 కిలో 2 కిలోలుగా పనిచేస్తుంది. చక్రం, బ్రేకు డిస్కు, దాన్ని నొక్కిపట్టే క్యాలిపర్, ఇవన్నీ స్ప్రింగు మోయని బరువు కూడా. గతుకు మీద ఎగిరిన చక్రాన్ని స్ప్రింగు మళ్లీ నేలకు తొయ్యాలి. రాయి బరువైతే ఆ తోపు ఆలస్యమవుతుంది, అంతసేపూ గ్రిప్పు ఉండదు.

కాబట్టి మొదటి రూపాయి టైరుకు, రిమ్ముకు పెట్టండి. ఒకే సైజు టైర్లు కంపెనీని బట్టి బరువు తేడాగా ఉంటాయి. కొనేముందు కాటా మీద పెట్టి చూడండి. డిస్కుకు మాత్రం డ్రిల్లుతో రంధ్రాలు వేయించొద్దు. వేడెక్కినప్పుడు రంధ్రం అంచునే పగులు మొదలవుతుంది. దీంట్లో నేను రాజీపడను.

ఇక బండి మొత్తాన్ని వడిసెల అనుకోండి. పిడికిలి ఇంజను దగ్గర, తాడు చివర తోక. వెనక వేలాడే సైలెన్సరు, నంబర్ ప్లేటు బ్రాకెట్, శారీ గార్డు, పట్టుకునే హ్యాండిల్, ఇండికేటర్లు అన్నీ పొడుగు తాడు రాళ్లే. ప్రపంచ స్థాయి బైకు రేసు మోటోజీపీలో 1000 సీసీ బండికి నిబంధన ప్రకారం కనీస బరువు 157 కిలోలు. అంతకన్నా దించడానికి లేదు కాబట్టి అక్కడ బరువును మధ్యకు తేవడానికే బుర్రలు పెడతారు. ఇదంతా ట్రాక్ బండికే చెప్తున్నా. రోడ్డు బండికి అద్దాలు, ఇండికేటర్లు తియ్యొద్దు.

తీసేటప్పుడు తప్పులు యాడ జరుగుతాయో చూడండి. వెనక ఫుట్‌రెస్టు తీస్తే చాలా బండ్లలో సైలెన్సరుకు ఆసరా పోతుంది. 5 మిల్లీమీటర్ల అల్యూమినియం పట్టీ, మధ్యలో రబ్బరు బుష్ పెట్టి వేలాడదీయండి, లేకుంటే వెల్డింగు దగ్గర పైపు పగులుతుంది. సైడ్ స్టాండు తీస్తే దాని స్విచ్ వల్ల గేరు వెయ్యగానే ఇంజను ఆగుతుంది. వైరింగ్ డయాగ్రామ్ చూసి బైపాస్ చేయాలి. లిథియం బ్యాటరీ వేసే ముందు 5000 ఆర్‌పీఎం దగ్గర చార్జింగ్ కొలవండి. 14.6 వోల్టులు దాటితే ముందు రెగ్యులేటర్ మార్చండి. క్యాలిపర్‌కు, ఇరుసుకు అల్యూమినియం బోల్టు వద్దు.

పెట్రోలు లీటరు సుమారు 750 గ్రాములు, అదీ ట్యాంకులో, పైన. రేసుకు పట్టేంత, ఇంకో 2 లీటర్లు చాలు. మరీ తగ్గిస్తే ఎఫ్‌ఐ బండిలో (పెట్రోలును పంపుతో ఇంజనులోకి చిమ్మేది) పంపు వంపుల్లో గాలి పీల్చి ఇంజను తడబడుతుంది.

టైమ్ అయిపోతాంది, గబగబా చెప్తా. బరువు తీసినాక హ్యాండిల్ వణుకుతాంది అంటారు. వెనక తేలికై పైకి లేస్తుంది, ముందు ఫోర్కు నిటారవుతుంది, ముందు చక్రాన్ని నేరుగా నిలిపే ట్రెయిల్ తగ్గుతుంది. అందుకే సాగ్, అంటే బరువుకు స్ప్రింగు ఎంత కుంగుతుందో, మళ్లీ కొలవాలి: సూటు, హెల్మెట్‌తో రైడరు కూర్చున్నాక వెనక 30–35, ముందు 35–40 మిల్లీమీటర్లు. ప్రీలోడ్ (స్ప్రింగును ముందే నొక్కి ఉంచే బిగింపు) మొత్తం వదిలినా రాకపోతే స్ప్రింగే గట్టిది, మార్చండి.

కాటా సంగతి: శెనక్కాయల మండీలో వాడే ప్లాట్‌ఫాం కాటా సరిపోతుంది. ఒక చక్రం దాని మీద, రెండోదాని కింద అంతే ఎత్తు చెక్క. ఎత్తు తేడా ఉంటే లెక్క తప్పుతుంది. ముందు, వెనక విడివిడిగా రాసుకోండి, పని మొదలుపెట్టక ముందూ తర్వాతా. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోటై రేస్ ట్రాక్‌కు పోయేటప్పుడు ఆ కాగితం టూల్ బాక్సులో ఉండాలి. ఆడ ఒక్కో మార్పుకు 5 ల్యాపులు, రెండు మార్పులు కలిపి చేయొద్దు.